పసుపెక్కని వరస

ప్లేటును వెచ్చటి పెట్టెలో సర్ది, గాజుమూత దించి, చేతి తొడుగులు విప్పి చెత్తడబ్బాలో వేశాక ఆమెకు చేయడానికి పనేమీ మిగల్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. చేతినిండా పనున్నంతసేపు బుద్ధి చెప్పిన మాట వింటుంది, పని అయిపోయిందంటే పగ్గం తెంపుకున్న దూడే, ఎటు పరిగెడుతుందో దానికే తెలియదు. ఒక గంట ఇలా కూచోవాలి. పెట్టెలోని ప్లేటులో ఐదు వరసల బుల్లి గుంటలున్నాయి, ఒక్కో గుంటలో నాలుగైదు చుక్కల నీళ్ళున్నాయి. గంట గడిచేసరికి మొదటి వరస పసుపెక్కితే మొగుడికి ఫోన్ చేసి సముద్రంలోకి దిగొద్దని చెప్పాలి. ఎక్కకపోతే దిగమని చెప్పాలి. దిగితే అతనికి మిగిలిన ఆ ఒక్క చెవి కూడా పోవచ్చు. ఇంట్లో ఇన్నాళ్ళుగా నలిగిన సంగతి ఇంత పొట్టిగా తేలిపోయిందేమిటా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. స్టూలు ముందుకు లాక్కుని కూచుంది. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, ఎవరో దాని కింద మడిచిన అట్టముక్క పెట్టారు, జరిపినప్పుడల్లా అట్టముక్క వెనకే ఉండిపోతుంది, మళ్ళీ వంగి పెట్టుకోవాలి. వంగి పెట్టుకుంది.

ఆ గుంటల్లో జరిగేది బ్రహ్మవిద్యేం కాదు, అత్తగారికి ఒక్కసారి చెబితేనే అర్థమైంది. ఒంట్లో కంటికి కనపడని కత్తెరలుంటాయి, వాటిని ఎంజైములంటారు, ఒక్కోటీ ఒక్కో రకం దారాన్నే కత్తిరిస్తుంది. వాటిలో ఒకటి కీళ్ళ మధ్య ఉండే మెత్తటి పొరను కత్తిరిస్తుంది. వయసులో ఉన్నప్పుడు అది హద్దులో ఉంటుంది, వయసు మళ్ళాక దానికి పట్టపగ్గాలుండవు. ఆ కత్తెర నోట్లో అడ్డంపడే పుల్ల ఒకటి కావాలి. అత్తగారు మోకాళ్ళు ఒత్తుకుంటూ అంతా విని, ఆ పుల్ల ఎక్కడ దొరుకుతుందే అని అడిగింది. సముద్రం అడుగున, స్పాంజిలో అని చెబితే, గిన్నెలు తోముకునే పీచులోనా అని నోరు తెరిచింది, ఆ తర్వాత చాలా రోజులు సింకు దగ్గరున్న స్పాంజిని ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది. గుంటలో కత్తెరను వేస్తారు, అది కత్తిరించడానికి ఒక దారం ముక్క వేస్తారు, ఆ దారానికి రంగు కట్టి ఉంటుంది. కత్తెర ఆడితే రంగు విడిపోయి నీళ్ళు పసుపెక్కుతాయి. నోట్లో పుల్ల పడిందా, రంగు విడదు, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. అంటే ఈ పనిలో ఏమీ జరగకపోవడమే జరగాల్సింది. కళ్ళు పోయేలా చదువుకున్నదంతా, దేవుడా ఏమీ జరగకుండా చూడు అని గాజుమూతకు ముక్కు ఆనించి కూచోవడానికే అన్నమాట. ఇందులో నవ్వొచ్చే సంగతి ఉందని ఆమెకు తెలుసు, ఈరోజు మాత్రం నవ్వు రాలేదు.

మొదటి వరసలో స్పాంజి రసం ఉంది. ఉన్నదంతా అక్కడే ఉంది, సీసా అడుగు గీకి, గీకిన సీసాను మళ్ళీ కడిగి, ఆ కడుగు కూడా కలిపేసింది. రెండో వరసలో ఆ స్పాంజి పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో, సీసాకెత్తిన సముద్రపు నీళ్ళు. మూడో వరసలో రేవు మెట్ల దగ్గర ముంచిన సముద్రపు నీళ్ళు. నాలుగో వరసలో ఉత్త మంచినీళ్ళు. వీటన్నిటినీ, మంచినీళ్ళు మొదట, స్పాంజి రసం అన్నిటికంటే చివర, ఒకే గొట్టంలోని గుళికల మీదుగా దించింది, ఉప్పు కిందికి జారిపోతుంది, గుళికలు పట్టుకున్నది పైన ఆగుతుంది, దాన్ని ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టి ఇక్కడికి తెచ్చింది. ఐదో వరసలో ఏమీ కలపలేదు, కత్తెర, దారం, అంతే. రెండు మూడు నాలుగు వరసల్ని ఖాళీలంటారు ఈ పనిలో. వాటి నుంచి ఎవరూ ఏమీ ఆశించరు, అసలుది అబద్ధమాడితే పట్టివ్వడానికే అవి ఉంటాయి. ఈ గదికి పెద్ద అయిన మనిషి, అందరూ పెద్దాయన అంటారు, ఆయనకు ఖాళీలంటే ప్రాణం. ఖాళీ పెట్టకుండా చేసిన ప్రయోగం అద్దం లేకుండా దువ్వుకున్న తల లాంటిదమ్మా, బాగుందని నువ్వొక్కదానివే అనుకోవాలి అంటాడు. ఆయన నెత్తిన దువ్వడానికి ఏమీ లేదు గనక ఆ మాట అన్నప్పుడల్లా కొత్తగా చేరినవాళ్ళు కిటికీ వైపు చూస్తారు.

ఆమె మొదట్లో ఖాళీలను పట్టించుకునేది కాదు, దానికి తగ్గ శాస్తి జరిగింది. స్పాంజులతో పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ప్లేటు మొత్తం పసుపెక్కకుండా ఉండిపోయింది. తెచ్చిన పదహారు జీవుల్లో పదహారూ కత్తెర నోరు కట్టేశాయి. నడవ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరిగెత్తి అందరికీ చెప్పింది, ఇంటికొచ్చి అత్తగారికి మోకాళ్ళ నొప్పులు పోయినట్టే అనుకోమంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తీరా చూస్తే కత్తెర నోరు కట్టింది ఉప్పు. సముద్రంలోంచి తెచ్చిన ప్రతిదానిలో ఉప్పుంటుందని చంటిపిల్లకి కూడా తెలుసు, ఆమెకే తట్టలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఆమె పేరు ఉప్పమ్మ. మొగుడు పెట్టాడు ఆ పేరు. కూరలో ఉప్పు తగ్గినా ఎక్కువైనా అదే పేరు, ఫోన్లో కూడా అదే, ఈమధ్య అత్తగారు కూడా పొరపాటున అనేసి నాలిక్కరుచుకుంది. మనసులో ఆమెకు ఆ పేరంటే ఇష్టమే, పైకి చెప్పదు. ఐదో వరసలో రంగు మొదలైందా అని వంగి చూసింది. ఇంకా లేదు. కిటికీ బయట ఎవరో మోటారు సైకిలు తుడుచుకుంటున్నారు, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు, వాళ్ళు కూడా దేనికోసమో కాచుకుని ఉన్నారేమో.

మొగుణ్ణి అతని స్నేహితులు తాబేలు అంటారు. నేల మీద ప్రతిదీ నిదానం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా ముహూర్తం చూసుకుంటాడా అనిపిస్తుంది, నీళ్ళలోకి దిగితే మాత్రం వేరే మనిషి. ఓడల అడుగున పట్టిన నత్తగుల్లల్ని గీకే పని అతనిది. పెద్దాయన దగ్గరికి సముద్రపు జీవులు తెచ్చిపెట్టడానికి ఒప్పుకున్న మొదటి రోజు బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇది తినడానికి పనికొస్తుందా అని ఆమెనడిగాడు. పనికిరాదంది. మరెందుకూ అన్నాడు. ఆమె గంటసేపు చెప్పింది, అతను గంటసేపూ నిలబడే విన్నాడు, బకెట్టు కింద పెట్టాలని ఇద్దరికీ తోచలేదు. పెళ్ళయ్యాక, అత్తగారి ముందు ఒకలా, పక్కకొచ్చాక ఒకలా ఉండనక్కర్లేదని అతను చెప్పినా, ఆవిడ ముందు మీరు, ఆవిడ లేనప్పుడు నువ్వు అనే అలవాటు ఆమెకు పోలేదు. ఈ స్పాంజి అతనికి దొరికింది కొండ మలుపులో, నీటి అడుగున నిలువునా దిగిన ఒక రాతిగోడకు. గోడలో ఒక చోట రాయి చూరులా ముందుకొచ్చి ఉంటుందట, దాని కింద ఒక మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు, ఆ సందులో ఇది. చూడ్డానికి మాడిన రొట్టె లాగా ఉంటుంది, ఏ అందమూ లేదు. పైకొచ్చి చెప్పినప్పుడు ఆ గోడ గురించి ఎంత చెప్పాడో, రంగులు, ఊగేవి, ముడుచుకునేవి, ఒకదాని నెత్తిన ఒకటెక్కి కూచున్నవి, సంత రోజు బస్సులా కాలు పెట్టడానికి చోటు లేదట, ఈ మాడిన రొట్టె చుట్టూ మాత్రం జానెడు మేర రాయి నున్నగా బోసిగా ఉందట. అన్నం తింటూ చెప్పాడు. ఆమె వింటూ, ఆ బోసితనం సంగతి బాగుందే అనుకుని, మజ్జిగ పోసింది.

ఆ మాడిన రొట్టె రసం మొదటిసారే కత్తెర నోరు కట్టింది. ఈసారి ఉప్పు తీసేసే చేసింది, అయినా గెంతలేదు. రెండోసారి చేసింది, కట్టింది. సబ్బు చుక్క కలిపి చేసింది, ఎందుకంటే కొన్ని పదార్థాలు ముద్దగా చేరి కత్తెరను ఊరికే చుట్టేసుకుంటాయి, సబ్బు తగిలితే ఆ ముద్ద విడిపోయి దొంగ బయటపడతాడు. సబ్బుకి కూడా లొంగలేదు. అప్పుడు గెంతింది. ఇక కావలసింది మరింత స్పాంజి, దానిలోని వందల పదార్థాల్లో కట్టేది ఏదో విడదీయాలంటే బకెట్లకు బకెట్లు కావాలి. అతను రెండోసారి దిగాడు. ఆమె అడిగిన సీసా నీళ్ళూ, చేతికందిన కాస్త స్పాంజీ పట్టుకుని పైకి వస్తుండగా కుడి చెవిలో ఏదో టప్పుమన్నదట. పడవలో కూచుని తల పక్కకు వంచి నీళ్ళు పోయాయనుకుని తట్టుకుంటూ ఉంటే చేతికి నెత్తురంటింది. చెవి డాక్టరు చాలా మర్యాదస్తుడు, కాగితం మీద చెవి బొమ్మ వేసి మరీ చెప్పాడు. కుడిది పోయింది, తిరిగి రాదు. ఎడమదాని లోపల కూడా పొర బలహీనంగా ఉంది. ఇక లోతుకు దిగడమంటే దానితో జూదమాడటమే, ఒకసారి గెలవొచ్చు, ఓడిపోవచ్చు. అతను బొమ్మ గీసిన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెవి పోయాక మనిషి ఇంట్లో ఎక్కడెక్కడ నిలబడతాడో ఆమె గమనిస్తూ వచ్చింది, గమనించకుండా ఉండటం ఆమెకు చేతకాదు. నడిచేటప్పుడు అతను ఎప్పుడూ ఆమెకు కుడివైపే వస్తాడు, ఎడమ చెవి ఆమె వైపు ఉండాలని. భోజనాల దగ్గర కుర్చీ మార్చుకున్నాడు. పడుకున్నప్పుడు మంచి చెవిని దిండులో దాచుకుంటే అమ్మ నస వినపడదు, ఆ కుడిదాన్ని ఇంతకు ముందే పోగొట్టుకోవాల్సింది అని నవ్వుతాడు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఒకరోజు వెనక నుంచి పిలిస్తే అతను కుళాయి కట్టేసి, తల ఇటూ అటూ తిప్పి, పిలుపు ఎటునుంచి వచ్చిందో తెలియక వంటగది మధ్యలో నిలబడిపోయాడు. ఒక్క చెవితో వినపడుతుందిగానీ ఎటునుంచో తెలియదట. ఆరోజు నుంచి ఆమెకు నవ్వు రాలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఈ ఒక్క చెవి కూడా పోతే ఎదురుగా నిలబడి కూడా ఏం లాభం. ఉప్పమ్మా అని అతను పిలుస్తాడు, తను పలికింది అతనికి వినపడదు.

వేరేవాళ్ళను దించలేదా అంటే దించారు. పెద్దాయనే తాబేలును దిగొద్దని, చెవులున్న ఇద్దరు కుర్రాళ్ళను కుదిర్చాడు. వాళ్ళకు తాబేలు బొమ్మలు గీసి చూపించాడు, చేతులు తిప్పి చెప్పాడు, చూరు రాయి ఇలా, సందు ఇలా అని కూర మూకుడు బోర్లించి చూపించాడు. వాళ్ళు వెళ్ళి సంతోషంగా రెండు బకెట్లు తెచ్చారు. అదే రంగు, అదే గరుకు, వేరే స్పాంజి. దాని రసం పోస్తే గుంటలు చామంతిపూలై కూచున్నాయి. ఇక రేపటి నుంచి గాలి మారుతుంది, మారిందంటే కొన్ని నెలలు ఆ మలుపులోకి పడవ వెళ్ళదు. రసం ఈ ప్లేటుతో అయిపోతుంది. ఫ్రీజరులో అరలు వేరేవాళ్ళకు కావాలి, మందు చూపించలేనివాళ్ళకు అర ఎంతకాలమిస్తారు, పెద్దాయన అయినా ఏం చేస్తాడు. అప్పుడు తాబేలు భోజనాల బల్ల దగ్గర, అమ్మ నిద్రపోయిందని చూసుకుని, తీర్పు చెప్పాడు. ఖాళీలన్నిటినీ సాక్షులుగా పెట్టి ఒక్క చివరి ప్లేటు చేయి. నేను పడవలో కూచుని ఉంటాను, అక్కడ ఫోనందుతుంది. నీ వరస పసుపెక్కితే తిరిగొచ్చేస్తాను. ఎక్కకపోతే దిగుతాను, చెవి నాది. ఆమె అడకత్తెరలో పోకచెక్కయింది. పెద్దాయనకు చెప్పొద్దన్నాడు, ఆమె చెప్పేసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసి, మీ ఇద్దరి మధ్య సంగతిలో నేను తలదూర్చను గానీ ఖాళీలు మాత్రం సరిగ్గా పెట్టమ్మా అన్నాడు.

ఐదో వరసలో రంగొచ్చింది. ముందు ఒక గుంట అడుగున మసక, తర్వాత అన్నిటిలో. బతికున్న కత్తెర. మూతకు ఆమె ఊపిరి తగిలి మసకేసింది, చేతి వెనకతో తుడిచింది. ఆమెకు ఏం కావాలో ఆమెకు తెలియడం లేదు, అదీ ఈ గంటలో ఉన్న అసలు బాధ. మొదటి వరస కూడా ఇలాగే పసుపెక్కిపోవాలి, ఎక్కిపోతే అతను సాయంత్రం కుడివైపున నడుస్తాడు, అత్తగారి మోకాళ్ళకు తైలం ఉండనే ఉంది. ఈ మాట పూర్తిగా అనుకునేలోపే లోపలి నుంచి ఇంకొకటి, ఎక్కకూడదు, ఎక్కకూడదు అంటోంది, దానికి సిగ్గూ లేదు లజ్జా లేదు. ఆ పుల్ల ఎలా ఉంటుంది? ఉంగరంలా చుట్టుకుని ఉంటుందా, తోకుంటుందా? కత్తెర నోట్లో ఎక్కడ ఇరుక్కుంటుంది? పరిగెత్తలేని, కరవలేని, ఒకే చోట అతుక్కుని పగలూ రేయీ నీళ్ళు పీల్చి వదలడమే పనిగా ఉన్న ఆ మాడిన రొట్టెకు మన కీళ్ళలోని కత్తెరతో ఏం పని? దాన్ని ఎవరు తినడానికొస్తే ఇది నేర్చుకుంది? అసలు చేసింది అదేనా, దాని ఒంట్లో అద్దెకుంటున్న సూక్ష్మజీవులా? ఇల్లుగలవాళ్ళ పేరు చెప్పుకుని అద్దెకున్నవాళ్ళు వండి పెడుతున్నారేమో. ఇవన్నీ తెలుసుకోకుండా చచ్చిపోతే ఎలా అనిపిస్తుంది ఆమెకు, నిజంగా, ఆకలేసినట్టు అనిపిస్తుంది. మొగుడి చెవి పక్కన పెట్టి చూస్తే ఇంత ఆకలి ఉండొచ్చా అని అడగడానికి ఎవరూ లేరు.

అబద్ధం చెప్పొచ్చు. ఆ ఆలోచన పొద్దున బస్సులోనే వచ్చింది, రానట్టు కిటికీలోంచి చూసింది. ఇప్పుడు స్టూలు పక్కన వచ్చి నిలబడింది. ఏ రంగొచ్చినా పసుపెక్కింది అని చెప్పేస్తే అతను పడవ తిప్పుకుని వచ్చేస్తాడు. ప్లేటు చూసేది ఆమె ఒక్కతే. పెద్దాయన కూడా కాదనడు, ఆయన కళ్ళు ఆమె కంటే ముందే ఆ మాటన్నాయి. ఒక్క మాట, చెవి దక్కుతుంది. తర్వాత? తర్వాత జీవితమంతా ఆ దక్కిన చెవిలో ఆ అబద్ధాన్ని దాచుకుని కాపురం చేయాలి. పైగా అతను ఊరుకోడు, ఉప్పమ్మా ఎందుకు పసుపెక్కింది, మొన్న ఎక్కలేదుగా అని నిదానంగా ఒక్కో గుండీ విప్పినట్టు విప్పుతాడు. తాబేలుతో పరుగుపందెం పెట్టుకుంటే ఓడిపోతాం. చెప్పగలదా? చెప్పగలదు అనుకుంది. అనుకున్నందుకు భయమేసింది, కొంచెం ధైర్యమూ వచ్చింది, రెండూ ఒకేసారి.

నాలుగో వరస పసుపెక్కింది. ఉత్త మంచినీళ్ళు, ఎక్కాలి, ఎక్కింది. మూడో వరస, రేవు నీళ్ళు, కొంచెం బద్ధకంగా మొదలై అదీ ఎక్కింది. అంటే ఉప్పు మిగల్లేదు, గొట్టం శుభ్రం, గాజు శుభ్రం, ఆమె చేతులు శుభ్రం. మొదటి వరసను చూడకుండా కళ్ళు గోడ గడియారం మీదికి తిప్పింది, గడియారం మీద దుమ్ముంది, ఎవరూ తుడవరు. చూసింది. మొదటి వరస నీళ్ళలాగే ఉంది. ఒక్క గుంట కూడా తొణకలేదు. ఎక్కలేదు, నిజమే, మందుంది, అతను దిగుతాడు, చెవి పోతుంది. ఇవన్నీ ఒకే ముద్దగా వచ్చి పడ్డాయి. అలవాటుకొద్దీ ఖాళీలను మళ్ళీ వరసగా లెక్కపెట్టుకుంటూ వస్తే రెండో వరస దగ్గర చూపు ఆగింది. రెండో వరస కూడా పసుపెక్కలేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఖాళీ పసుపెక్కలేదంటే ప్రయోగం చచ్చిందని అర్థం. ఏదో కలిసింది, ఎక్కడో చెయ్యి తప్పింది, సాక్షే దొంగయింది. అమ్మయ్య అనిపించింది తర్వాత, ఇక అబద్ధం చెప్పక్కర్లేదు, ప్రయోగం చెడిపోయింది అని నిజమే చెప్పొచ్చు, దిగొద్దని చెప్పొచ్చు. ఆ అమ్మయ్యకు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఫోన్ చేతిలోకి తీసుకుంది. తీసుకుని, నొక్కలేదు, ఎందుకంటే లోపలున్న ఆ సిగ్గులేనిది అడిగింది, చెయ్యి తప్పితే ఒక్క రెండో వరసలోనే ఎందుకు తప్పుతుంది? అదే గొట్టం, అదే ఆల్కహాలు, చుక్కలు పోసిన అదే పిపెట్టు, స్పాంజి రసం దించింది అన్నిటి తర్వాతే. కలిసేదైతే మూడోదానిలోనూ, నాలుగోదానిలోనూ కలవాలి. సీసాయా? అన్నీ ఒకే అట్టపెట్టెలోని గాజు సీసాలు. ఆ సీసా ఒక్కటే వేరే చోటికి వెళ్ళింది. తాబేలు దాన్ని ఖాళీగా కిందికి తీసుకెళ్ళి, స్పాంజి పక్కన మూత తీసి, నింపి, మూత పెట్టి తెచ్చాడు. సముద్రంలోకి దిగి సముద్రపు నీళ్ళు తెమ్మనే పెళ్ళాం లోకంలో ఎవరికైనా ఉందా అని ఆరోజు దిగేముందు పడవలో అందరికీ చెప్పి నవ్వించాడట. ఆ నీళ్ళలో స్పాంజి ముక్క కూడా లేదు, వడకట్టే చూసింది, ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళు కత్తెర నోరు కట్టాయి.

గోడంతా కిక్కిరిసి ఉంటే దాని చుట్టూ జానెడు బోసి. ఇప్పుడు తట్టింది. ఆ మాడిన రొట్టె పుల్లల్ని ఒంట్లో దాచుకోవడం లేదు, పీల్చిన నీళ్ళతో పాటు బయటికి వదులుతోంది, నా దరిదాపుల్లోకి రావద్దని పొద్దస్తమానం చుట్టూ ఊస్తోంది. మనిషి దాన్ని కోసి, నూరి, పిండి తీయాలని చూస్తున్నాడు, అదేమో ఊరికే ఇస్తూ కూచుంది. గుళికలు నీళ్ళలోంచే పట్టుకుంటాయి, గొట్టంలో పట్టుకున్నట్టే సముద్రంలోనూ పట్టుకుంటాయి. గుళికల్ని సన్నటి గుడ్డ సంచిలో కుట్టి, బరువు కట్టి, పైన పడవలోంచి తాడుతో ఆ చూరు ముందుకు గాలి మారేలోపు దించి, పడవ మళ్ళీ వెళ్ళగలిగేదాకా వదిలేస్తే చాలు. ఎవరూ దిగక్కర్లేదు. ఆమె లేచి నిలబడింది, స్టూలు ఒరిగింది, పట్టుకోలేదు. చప్పుడుకు పక్కగదిలోంచి పెద్దాయన వచ్చాడు. ఆమె చెప్పలేదు, వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి, మూతకు దగ్గరగా వంగి, ఒకటి రెండు మూడు అని పెదాలతో వరసలు లెక్కపెట్టాడు. రెండు దగ్గర ఆగి, ఆ సీసాలో నీళ్ళు ఇంకా ఉన్నాయా అనడిగాడు. సగం ఉన్నాయంది. అయితే మళ్ళీ చేయాలి, రెండుసార్లు చేయాలి, అప్పటిదాకా నేను నమ్మను అన్నాడు, అంటూనే తొడుగుల డబ్బా అందుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ముందు అబ్బాయికి ఫోన్ చేయమ్మా అన్నాడు.

అతను మొదటి మోతకే తీశాడు. గాలి, పడవ పక్కకు కొట్టుకునే నీళ్ళు వినపడుతున్నాయి. దిగొద్దు అంది ఆమె.

"పసుపెక్కిందా?"

"లేదు, ఎక్కలేదు. అయినా దిగక్కర్లేదు."

ఆమె అంతా చెప్పింది, రెండో వరస సంగతి, బోసి రాయి సంగతి, తను రేవుకు పట్టుకొచ్చే గుళికల సంచి, తాడు, గబగబా, ఒకదాని మీద ఒకటి పడిపోతూ. ఎక్కడ పడవ ఆపాలో నీకే తెలుసు గనక నువ్వు ఉండాలి, పైన ఉండాలి అని రెండుసార్లు చెప్పింది.

"నిజం చెప్పు ఉప్పమ్మా. నా చెవి కోసం కథలల్లుతున్నావా?"

లేదంది. అయితే ఫొటో తీసి పంపమన్నాడు. పెట్టె మూత తెరిచి, తెల్ల కాగితం మీద ప్లేటు పెట్టి ఫొటో తీసి పంపింది. పంపాక తను కూడా చూసుకుంది, కింద మూడు వరసలు పసుపు, పైన రెండు వరసలు ఏమీ లేవు.

"పై రెండిట్లో ఏమీ కనపడటం లేదు," అన్నాడు అతను. "నీళ్ళు పోయకుండా తీసినా ఇలాగే ఉంటుందిగా."

ఇన్నేళ్ళలో ఆమె పట్టుకున్న ఒకే ఒక్క నిజం ఫొటోలో ఖాళీ గుంటలాగే ఉంది. అబద్ధమైతే ఎంత బాగా కనపడేదో, మొత్తం పసుపు రంగులో మెరిసిపోయేది.

"అవును," అంది. "ఇలాగే ఉంటుంది. పొద్దున నీకు అబద్ధం చెబుదామనే అనుకున్నా, పసుపెక్కిందని. ఇది ఆ అబద్ధం కాదు. దీనికి నా మాట తప్ప ఇంకేం లేదు నా దగ్గర."

అతను నిదానంగా, ఆమెతో కాకుండా నీళ్ళతో అన్నట్టు అన్నాడు. "పొద్దున్నుంచీ పసుపెక్కకూడదనే కోరుకున్నా. నీ మందు కోసం కాదు. ఆ గోడ ఇంకొక్కసారి చూద్దామని."

ఇన్నాళ్ళూ అతను తన కోసం చెవి పణంగా పెడుతున్నాడని ఆమె కుమిలింది, రాత్రుళ్ళు దిండులో దాక్కున్న ఆ ఎడమ చెవి వైపు చూస్తూ కూచుంది. తనలో ఉన్న ఆకలే అతనిలోనూ ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. అతను దిగిన ప్రతిసారీ తను చూడలేనిదాన్ని చూసి వచ్చాడు, వచ్చి అన్నం తింటూ చెప్పాడు, తను మజ్జిగ పోసింది. ఇప్పుడు తను కనిపెట్టినది అతని గోడను అతనికి లేకుండా చేసింది. ఓదార్చడానికి మాట వెతికింది, దొరికినవన్నీ చెవి డాక్టరు మాటల్లా ఉన్నాయి.

"నాకు తెలీదు," అంది చివరికి. "నువ్వు చెప్పలేదు."

"చెబితే నువ్వు అసలు ప్లేటే పెట్టవుగా," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. గాలి సిలిండరు కాబోలు, బరువైనదేదో పడవ చెక్కల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత అతను పక్కకు తిరిగి, పడవ నడిపేవాణ్ణి, మన దగ్గర తాడు ఎంతుంది అని అడిగాడు. అవతలివాడు ఏదో చెప్పాడు. అతనికి అందలేదు, ఫోన్ పట్టుకున్నది ఆ ఒక్క మంచి చెవికే కదా. మళ్ళీ అడిగాడు, ఈసారి ఫోన్ చెవి నుంచి తీసి ఉంటాడు, అలల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది, మాటలు దూరమయ్యాయి. ఆ చెవి మళ్ళీ తన దగ్గరికి వచ్చేదాకా ఆమె ఫోన్ పట్టుకుని నిలబడింది.